నాలుగు గొట్టాలు

డులూత్‌లో పాత కారు కొనేవాళ్లు
రంగు తర్వాత చూస్తారు, ముందు మోకాళ్లు వంచుతారు.
మంచు మీద అట్టముక్క పరుచుకుని
ఆ శనివారం మూడు కార్ల కింద పడుకున్నాను.
ముప్పయ్యొక్క ఏళ్లు సిటీ బస్సుల కడుపులు చూసినవాణ్ణి.
రోడ్డు మీద చల్లే ఉప్పు ఇనుమును కొరికిన గాట్లు చూసి
అది ఎన్నో చలికాలమో చెప్పగలను.

మార్లిస్ టార్చి పట్టుకుంది.
మా పై వాటాలో ఉంటుంది, డయాలసిస్ సెంటర్లో రాత్రి డ్యూటీ.
కోటు లోపలి జేబులో పదకొండు వేల డాలర్లు,
రెండేళ్ల ఓవర్‌టైము, రబ్బరు బ్యాండు చుట్టి.

మొదటిది ఎస్ఈ. ఎర్రది. పెద్ద చక్రాలు,
అంచుల నిండా ఫుట్‌పాత్ గీసిన గీతలు.
"కుర్రాడెవడో నడిపాడు" అన్నాను కింద నుంచే.
"నాకూ ఇరవై నాలుగే" అంది.
ఆ సైజు టైర్ల ధర చెప్పాను.
టార్చి పక్క కారు మీదికి మళ్లింది.

రెండోది ఎల్ఈ. బూడిద రంగు, గుడ్డ సీట్లు,
చక్రాలకు ప్లాస్టిక్ మూతలు, అందులో ఒకటి లేదు.
అమ్మే మనిషి అర్లీన్ క్వాలే. కారు ఆవిడ తమ్ముడిది,
ఊళ్లో పియానోలు శ్రుతి చేసేవాడట.
గ్లవ్‌బాక్సులో నోటుపుస్తకం:
ఆయిలు మార్చిన ప్రతిసారీ పెన్సిల్‌తో, తారీఖు వేసి, మైళ్లు వేసి.
ఇలాంటి పుస్తకం దొరికితే
నాకు ఇంట్లో పెళ్లి కుదిరినంత సంబరం.
మధ్యలో పద్నాలుగు నెలలు ఖాళీ. అడిగాను.
"అప్పుడు వాడు మంచం దిగలేదు" అంది.
బ్రేకు డిస్కుల మీద తుప్పు కూడా అదే మాట చెప్పింది.
నాలుగు వందలు తగ్గించమని అడగాలి. నోరు రాలేదు.

మూడోది ఎక్స్‌ఎల్ఈ. అదే ఇంజను, అదే గేర్‌బాక్సు,
పైపెచ్చు తోలు సీట్లు, నెత్తిన కిటికీ,
సీట్ల లోపల వేడి తీగలు.
కప్పు గుడ్డకి ఒక మూల టీ ఒలికినట్టు మరక.
ముక్కు పెట్టి చూశాను. తడిసిన కుక్క వాసన.
"సన్‌రూఫ్‌కి నాలుగు మూలలా నాలుగు గొట్టాలుంటాయి,
పూడిపోయాయంటే వాన నీ ఒళ్లోకే" అన్నాను.
ఎన్ని హంగులో అన్ని రోగాలు, అని
ఆ కారులో ఉన్న చిన్న మోటార్లన్నీ వేళ్ల మీద లెక్కపెట్టాను.
ఇంజను మారనప్పుడు తోలుకి డబ్బెందుకన్నాను.
"లేని వస్తువు చెడిపోదు" అన్నాను చివరికి.
ముప్పై ఏళ్లుగా అంటున్న ముక్క. నాకు బాగా ముద్దు.

మార్లిస్ టార్చి ఆర్పేసింది.
"పొద్దున్న ఆరింటికి, సున్నాకి ఇరవై కింద,
పార్కింగులో నా కారు ఎలా ఉంటుందో నీకు తెలీదు, రోల్ఫ్.
రాత్రంతా ఇంకొకళ్ల రక్తం వెచ్చగా తిరుగుతుంటే చూసి వస్తాను.
నాది మాత్రం గడ్డకట్టి ఉంటుంది.
గొట్టాలు పూడకుండా చూడటమే కదా నా ఉద్యోగం.
దీనికి నాలుగే అంటున్నావు."

బానెట్ మూశాను.
సరిగ్గా పడలేదని ఎత్తి మళ్లీ మూశాను.

మరక చూపించి ఆరు వందలు తగ్గించాను.
బూడిద రంగు కారుకి మా బావమరిదిని పంపాను,
బేరమాడకురా, అని చెప్పి మరీ.

ఇప్పుడు అక్టోబరు.
గడ్డి కోసే మిషను తీగ బారెడు తెంపి
కారు గుమ్మంలో నిలబడి కప్పు మీదికి ఒరిగాను.
ఆమె గ్లాసుతో కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తోంది.
మూడు దారులు వెంటనే ఇచ్చాయి.
నాలుగోది మొండికేసింది. నేనూ మొండివాణ్ణే, ఇంకా గట్టిగా తోశాను.
"బలవంతం చెయ్యకు" అంది మార్లిస్,
గొంతు మారిపోయింది, రాత్రి డ్యూటీ గొంతు,
"కాస్త వెనక్కి లాగు. తిప్పు. ఇప్పుడు పంపు."

వెనక చక్రం పక్కన ముందు ఒక నల్ల చుక్క,
కుళ్లిన ఆకు తునక ఒకటి,
ఆ తర్వాత ధార.