పదమూడున్నర తేమ

డాల్బీలో ధాన్యం గిడ్డంగి గేటు దగ్గర
లారీలోకి పొడుగాటి గొట్టం దించి
గింజ పైకి లాగి కొలవడం నా ఉద్యోగం.
తేమ పదమూడున్నర దాటితే వెనక్కి పంపేస్తాను.

మార్చి, ఏప్రిల్ అంతా జొన్నే.
రోడ్డుకి రెండు పక్కలా ఎర్రటి కంకులు,
గంటసేపు కారు నడిపినా తరగవు.
అందులో మనిషి తినడానికని వేసింది లేదు.
పందులకి, కోళ్ళకి, గొడ్లకి,
మిగిలింది సముద్రం దాటి సారా బట్టీకి.

తొమ్మిదేళ్ళు ఆ దుమ్ములోనే నిలబడి
పండక్కోసారి బ్రిస్బేన్ దాకా రెండున్నర గంటలు పోయి
పురుగు పట్టిన జొన్నపిండి పొట్లం కొనుక్కొచ్చాను,
పదకొండు డాలర్లు.
ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రోజు డారిల్ లారీ పన్నెండు పాయింట్ ఎనిమిది.
"మందు కొట్టని గింజ ఒక బకెట్ ఇస్తావా?"
"కోళ్ళు పెంచుతున్నావా?"
"లేదు. మా ఆయనకి."
స్టీరింగ్ మీద తల ఆనించుకుని నవ్వాడు.
ఓబులేసుకి చెప్తే మాత్రం నవ్వలేదు.

మిక్సీ మూడుసార్లు వేడెక్కి ఆగింది.
జల్లెడ లేక టీ వడపోసే దాంతో జల్లించాను.
పిండి ఇటుకపొడి రంగు.
ఎసట్లో ఉప్పేసి పిండి పోసి కలిపితే చెయ్యి కాలింది.
కాలాలి, లేకపోతే జిగురు రాదు అనేది మా మేనత్త కొండమ్మ.
ఆమె రొట్టె కొడుతుంటే
పక్కింటోళ్ళు ఆ చప్పుడు లెక్కపెట్టి
ఈపూట వీళ్ళింటికి ఎంతమంది చుట్టాలో చెప్పేవాళ్ళు.
నా రొట్టెకి చప్పుడే లేదు.
మొదటిది అంచులు పగిలింది, రెండోది ఎత్తబోతే నడుం విరిగింది,
మూడోది పెనానికి కరుచుకుని మాడింది.

పొగ అలారం కేకలు విని
పక్కింటి బెరిల్ వచ్చింది, ఎనభై ఒకటి ఆమెకి,
చేతి తువ్వాలు అలారం కింద విసురుతూ
"ఏం వండుతున్నావమ్మా?" అంది.
"కోళ్ళ మేత," అన్నాను.

జాలిపడి, జామ్ సీసా ఇస్తాను రమ్మని
వాళ్ళ పెరట్లోకి తీసుకెళ్ళింది.
జామ్ ఈ మొక్కదే అని చూపించింది. ఎర్రటి కాయలు ఒలుచుకుని
ఆకంతా దూసి ఎరువు గుంటలో పారేస్తుందట.
ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను.

పుంటికూర.

నడుమెత్తు పుంటికూర, ఆరు మొక్కలు,
నాలుగేళ్ళుగా ఇనపరేకు కంచెకి అవతల,
నేనేమో ఇవతల నిమ్మకాయ పిండుకుని పప్పు తింటూ.
"ఆకు తింటారా మీరు?" అని బెరిల్ నోరు తెరిచింది.
కాయ తింటారా మీరు, అని నేను అనలేదు.

ఆకు వేగుతోంది, ఎండుమిరపకాయల ఘాటుకి ఇద్దరం తుమ్ముతున్నాం.
నాలుగో ముద్ద నా చేతిలో మళ్ళీ చీలింది.
పిండికి ఎంత తేమో చెప్పే యంత్రం
నాకు జీతమిచ్చే చోట లేదు.
ఓబులేసు పొయ్యి దగ్గరికొచ్చి
"భయపడి కొడుతున్నావు, జరుగు," అన్నాడు.

ముద్దని మడమతో రెండుసార్లు రుద్ది
పొడిపిండి చల్లి, చేత్తో తిప్పుతూ
టప టప టప,
నా కళ్ళ ముందే చందమామంత అయింది.
పైన తడిబట్ట అద్ది తిరగేస్తే పొంగింది కూడా.

వాళ్ళమ్మ పత్తి ఏరను పోతే
ముగ్గురు తమ్ముళ్ళకి తనే కొట్టేవాడట.
బడిలో ఆడంగి అన్నారని మానేశాడట.
పదిహేడేళ్ళ కాపురం మాది.
పదిహేడేళ్ళు నేను చేసిన చపాతీ తింటూ కూర్చున్నాడు!
కోపంతోనే మూడు తిన్నాను,
వేడి రొట్టె, పుంటికూర ఊరిమిండి, పచ్చి ఉల్లిగడ్డ.

పొద్దున్నే కంచె మీదుగా బెరిల్:
"రాత్రి గోడకి మేకులు కొట్టారా? తొమ్మిది లెక్కపెట్టాను."

మర్నాడు డారిల్ లారీ పద్నాలుగు పాయింట్ ఒకటి.
వెనక్కి పంపేశాను. రొట్టె రొట్టే, లెక్క లెక్కే.
గొణుక్కుంటూ నా డబ్బాలోంచి చివరి రొట్టె తీసుకుని
చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
"కోళ్ళకా?" అన్నాను.