ఇదివరకు ఉండేచోట

ఈ ఊళ్లో దారి అడిగితే
లేనివాటిని ఆనవాళ్లుగా చెబుతారు.
డాక్టరుగారి గుర్రాలు మేసేచోట కుడికి,
రేకుల సినిమాహాలు ఉండేచోట ఎడమకి,
జిన్ను దాటాక రెండో వీధి మీది.

గుర్రాల్లేవు. పళ్ల డాక్టరున్నాడు,
కార్లు కడిగే షెడ్డుంది,
నిన్నటిదాకా లేని సిగ్నల్ లైటొకటి
ఎవరూ రాని రోడ్డుకి ఎర్రగా అడ్డం పడుతోంది.

జిన్ను అనగానే మా ఆయన
బ్రాందీ షాపు కోసం అటూ ఇటూ చూశాడు.
నాకు మాత్రం చటుక్కున తెలిసిపోయింది.
ఆదోనిలో మా సందు చివర జిన్నింగ్ మిల్లు,
దూదినుంచి గింజ ఊడే చప్పుడు వింటూ
ఎక్కాలు బట్టీ పట్టినదాన్ని.
అలబామాలో, హంట్స్‌విల్ పొలిమేరలో,
ఈ సాగదీసే యాసలో
నాకు మొదట అర్థమైన మాట అదే.
అదీ, లేని మిల్లు.

మా వీధి ఇంకా మ్యాపులో పుట్టలేదు.
పిజ్జా కుర్రాడు ఫోన్ చేసి
"నేను చేలో ఉన్నానండీ" అంటాడు.
చీకట్లో గుమ్మం ముందుకొచ్చి
రైలు గార్డులా టార్చ్ ఊపుతాను.

గడ్డిని చాపల్లా చుట్టి లారీలో తెచ్చి
పొద్దున పరిచి సాయంత్రానికి వెళ్లిపోయారు.
అతుకులింకా కనపడుతున్నాయి
పెళ్లివారింట్లో వరసగా వేసిన పడకల్లా.
ఎడమపక్క ఒహాయోవాళ్లు, కుడిపక్క హోండురస్‌వాళ్లు,
ఎదురింట్లో ఎవరూ లేరు,
కిటికీ అద్దాలకి స్టిక్కర్లైనా తియ్యలేదు.

మొదటి బుధవారం మిట్టమధ్యాహ్నం సైరన్ మోగింది.
సుడిగాలి!
పిల్లదాన్నీ పరుపునీ లాక్కుని
స్నానాల తొట్టిలో దూరాను.
ఎందుకో చపాతీల డబ్బా కూడా పట్టుకున్నాను.
ఎంతసేపటికీ ఏ కప్పూ ఎగరలేదు.
తలుపు తీసి చూస్తే మిస్ లవీనియా,
వీధి చివర పాతింట్లో ఉండే ముసలావిడ,
బిల్డరు ఎంతిస్తానన్నా అమ్మనిది ఆవిడొక్కతే.
"పరీక్ష తల్లీ, నెలనెలా మోగుతుంది.
అసలుది వచ్చేరోజు ఆకాశం ఆకుపచ్చగా ఉంటుంది,
ఎవరూ చెప్పక్కర్లేదు."
నా నెత్తిమీద పరుపు నూలుపోగు తీసింది, నవ్వలేదు.
గేటు దాటాక ఆవిడ భుజాలు ఊగడం
కిటికీలోంచి చూశాను.

అక్టోబరు.
రోడ్డవతల ఇంకా అమ్ముడుపోని ఆఖరి చేను
తెల్లగా విచ్చుకుంది.
స్కూలు బస్సు కోసం నిలబడి ఊరికే ఓ కాయ కోశాను,
ముళ్లు గుచ్చుకోకుండా, ఐదువేళ్లూ ఒక్కసారి దించి, తిప్పి.
మిస్ లవీనియా నా చేతినే చూస్తోంది.
"ఎవరు నేర్పారు?"
"మా అమ్మమ్మ. కూలికి వెళ్లేది, కిలో ఇంతని."
"మా అమ్మ పౌన్ల లెక్క."
ఫోన్‌లో కిలోల్ని పౌన్లు చేశాను,
రూపాయల్ని డాలర్లు చేశాను.
వచ్చిన అంకెని
ఇద్దరం చూశాం, ఎవరమూ పైకి చదవలేదు.

"ఇంతకీ జిన్ను ఎక్కడుండేది?"
బ్యాంకు వైపు చూపించింది,
కార్లోంచే డబ్బు తీసుకునే కిటికీ వైపు.
"మా నాన్న అక్కడే, బయట నిలబడేవాడు.
తూకం చూడనిచ్చేవాళ్లు కాదు.
ఎంత చెబితే అంత."
బస్సొచ్చింది. పిల్లది దిగింది,
తెల్లమేజోళ్ల నిండా ఎర్రమట్టి.

ఫిబ్రవరిలో ఓ రాత్రి, వాన,
తెలీని నంబరునుంచి ఫోను.
ఎదురింటివాళ్లట, మిషిగన్‌నుంచి ట్రక్కులో బయల్దేరి
రెండు రోజులైందట, నా నంబరు బిల్డరిచ్చాడట.
"మ్యాపులో అంతా చేనే కనిపిస్తోందండీ,
ఎటు తిరగాలి?"

జిన్ను ఉండేచోట ఎడమకి తిరగండి, అన్నాను.
నోరు దానంతటదే అనేసింది.
"అక్కడేముంటుంది?"
బ్యాంకు.
"జిన్నా, బ్యాంకా?"
రెండూ ఒకటే,
మెల్లగా రండి, అని

చెప్పుల కోసం వెతుక్కున్నాను,
టార్చ్ అందుకున్నాను.