పట్టా తోలు

నెల్లిమర్లలో, జూట్ మిల్లు గేటుకి ఎదురుగా
రెండు కుర్చీల షాపు మాది.
ఒక కుర్చీకి చెయ్యి లేదు.
గుమ్మం మేకుకి తోలు పట్టా వేలాడేది,
మూడు జానల పొడుగు, నాలుగు వేళ్ల వెడల్పు.

ఒకప్పుడు అది మిల్లు బెల్టు.
ఏళ్ల తరబడి నార వడికే చక్రాలను తిప్పి తిప్పి
ఒక రాత్రి షిఫ్టులో తెగి
ఫిట్టరు అప్పల్నర్సయ్య ఎడమచేతి
రెండు వేళ్లు పట్టుకుపోయింది.
కట్టు విప్పిన రోజున
ఆయనే ముక్క కోసి తెచ్చాడు.
"గురువులూ, దీని రునం నాకాడ తీరిపోనాది.
మిగిల్నాది నీకాడ సేసుకోనీ."

గురువులు మావ దానికి ఆముదం పట్టించి
సోడా సీసాతో రుద్ది రుద్ది
ఎండకి చూపకుండా పదకొండు రోజులు నీడనుంచి
వెనకవైపు గోనెగుడ్డ కుట్టాడు.

నేను చేరిన ఏడాది
నా చేతికి గడ్డం ఇవ్వలేదు, తల ఇవ్వలేదు.
పట్టా ఇచ్చాడు,
పిడి పగిలిన ఒక పాత కత్తి ఇచ్చాడు.

ముందు గోనె, తర్వాత తోలు.
గోనె మీద కత్తి వెచ్చబడుతుంది
తోలు మీద నిమ్మళిస్తుంది.
వీపు ముందు నడవాలి, వాదర వెనకాల రావాలి,
చీకట్లో గట్టు మీద
పెద్దోడి వెనక చిన్నోడు నడిచినట్టు.
కొసకొచ్చాక వీపు మీదే దొర్లించి
ఇటు తిప్పాలి.
వాదర మీద తిప్పితే తోలు తెగుతుంది.
తోలు తెగితే మావ మాట్లాడడు.
తిట్టేవాడైతే బాగుండేది.

"నొక్కకురా గుంటడా.
నొక్కితే తోలు పల్లమైపోద్ది, వాదర మొండిదైపోద్ది.
కత్తి బరువు కత్తికుంది.
మజ్జిన నీ బరువెందుకు?"

అప్పుడు నాకు బరువు చాలానే ఉండేది.
పదో తరగతి తప్పిన బరువు,
పేరుతో కాక పనితో పిలిచే
వీధి పిలుపుల బరువు,
అన్నీ మణికట్టులోకి దిగేవి.
తోలు వెంటనే చాడీ చెప్పేసేది.
సర్రుమనాల్సింది గర్రుమనేది.
గోడవతల వేపపుల్ల నములుతూనే మావ
"మళ్లీ మొదట్నించి" అనేవాడు.

కింద నుంచి జానెడు ఎత్తులో
గోరంత గాటు ఇప్పటికీ ఉంది. నాది.
మిల్లు సైరనుకి ఉలిక్కిపడి తిప్పిన తిప్పు.
మావ గరుకు కాయితంతో ఆ అంచులు అణిచి
"ఇక్కడికొచ్చేసరికి సెయ్యి తేల్చు" అన్నాడు, అంతే.
రోజుకి ఎన్నిసార్లు దాటానో ఆ గాటుని,
వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి.

తర్వాత సగం బ్లేడ్లొచ్చాయి.
మావ చెయ్యి వణకడం మొదలుపెట్టింది.
కత్తి అడిగేవాడు అప్పల్నర్సయ్య ఒక్కడే మిగిలాడు,
గురువారం గురువారం.

లాకౌటు మూడో నెల.
గేటు ముందు టెంటులో
అందరికీ గడ్డాలు పెరిగాయి.
అరువు చెప్పలేక ఎవరూ రోడ్డు దాటడం లేదు.
ఆ గురువారం మాత్రం ఆయనొచ్చాడు,
చెయ్యి లేని కుర్చీలోనే కూర్చున్నాడు.
నురగ పెట్టాను.
పట్టా అందుకుంటే
చెదలు తిన్న గుమ్మంలోంచి మేకు ఊడొచ్చింది.

లేచాడు.
నురగ మొహంతోనే వచ్చి
పట్టా పైకొస ఎడమచేత్తో పట్టుకున్నాడు,
మూడు వేళ్లతో, బిగించి.
సడలితే వాదర పోతుందని
ఆయనకెవరు చెప్పారో.

"లాగు."

లాగాను. ముందు గోనె, తర్వాత తోలు.
వీపు మీద దొర్లించి, గాటు దగ్గర తేల్చి,
వెళ్తూ, వస్తూ.
కళ్లు మూసుకున్నాడు.
రోడ్డవతల నూలుపోగు కదిలిన చప్పుడు లేదు.
"ఇదేరా," అన్నాడు.
"బెల్టు ఎక్కినపుడు ఇలాగే ఉండీది సప్పుడు."

మోచేతి వెంట్రుక మీద చూశాను.
తెగింది, తెగినట్టు తెలియకుండా.
కత్తి సిద్ధమే.
ఆయన పట్టా వదల్లేదు.
చెంపల మీద నురగ ఆరిపోతోంది.

"ఇంకో ఇరవై," అన్నాడు.