నలభయ్యో పోగు

సునాబెడలో వాన. షెడ్డు రేకుల మీద ఒకటే మోత.
ఎస్ వంపు గొట్టం లోపలి గోడకి
డెబ్భై రెండు పోగులు అంటించాను.
కొట్‌పాడ్ నేతగత్తెని అడిగి తెచ్చిన ఎర్ర నూలు.

ఫ్యాను వేశాం.
మూతి దగ్గర పోగులన్నీ
నూనె రాసి దువ్విన జుట్టు.
మొదటి వంపు దాటాక
గాలి కింది గోడని వదిలేస్తుంది.
అక్కడి పోగులు గిర్రున వెనక్కి తిరిగి
అంతలోనే సర్దుకుంటాయి,
ఏమీ ఎరగనట్టు.

"సగటు బాగానే ఉందే," అన్నాడు గుంపస్వామి
స్క్రీను మీంచి కళ్లెత్తకుండా.
ఉంటుంది. సగటుకి వణుకెక్కడిది?
ఇంజను మింగేది సగటుని కాదు,
ఆ ఒక్క గుక్కని:
ఈ రెక్కకి నిండుగా, పక్క రెక్కకి అరకొరగా
సుడి తిరుగుతూ వచ్చిపడే గుక్కని.
మనకి పొలమారితే
ఎవరో తలుచుకున్నారని నెత్తి మీద తడతారు.
దానికి పొలమారితే
మంట మూతిలోంచి ముందుకి కక్కుతుంది.
ఆకాశంలో తట్టేదెవరు?

రాత్రి సిమిలిగుడ మలుపులో
స్కూటీ మీద నా చున్నీ
ఉన్నట్టుండి ముఖం మీదికి ఎగిరింది.
ఆగి, రోడ్డు పక్కన కాసేపు నిలబడ్డాను.

పొద్దున్న చూస్తే నలభయ్యో పోగు లేదు.
జాలీకి చిక్కుకుని ఉంది,
ఫ్యాను ఆపేసినా
ఇంకా కొంచెం కదులుతూ.