మూడో బద్ద, పదకొండో స్క్రూ

కూహ్మోలో అక్టోబరు చివరి వారం.
నాలుగు దాటితే చాలు, వెలుతురు
మాకంటే ముందే పనిముట్లు సర్దుకుంటోంది.

హిల్పా గారి ఇల్లు యుద్ధం ముగిశాక కట్టింది.
గోడల్లో రంపప్పొట్టు పోశారట అప్పట్లో.
డెబ్భై ఏళ్లలో అది మెల్లగా కూలబడి
కిటికీల పైనంతా డొల్ల.
"కాళ్లకి మేజోళ్లున్నాయి, తలకి టోపీ లేదు,"
అంది రౌహా, పాత పలకలు ఊడబీకుతూ.

ఇప్పుడు బయటినుంచి జానెడు మందం రాతి ఉన్ని,
దాని మీద నిలువు బద్దలు,
బద్దల మీద కొత్త పలకలు.
నా అనుమానం ఒక్కటే:
ఇంత మెత్తటిదాని అవతల
అంత బరువు దేన్ని పట్టుకుని వేలాడుతుంది?

రౌహా జవాబు చెప్పలేదు.
ఒక బద్దకి రెండు బకెట్ల తడి ఇసుక తగిలించి,
పక్కన పెన్సిల్ గీత గీసి,
"తూక్కా, కాఫీకి పద," అంది.
సోమవారం గీసిన గీత దగ్గరే
శుక్రవారం కూడా ఉంది బద్ద.

బరువు కాదు కష్టం.
ఎక్కువ బిగిస్తే బద్ద ఉన్నిలోకి దిగబడి
గోడ మొత్తం అల లేస్తుంది.
వదులిస్తే ఊగుతుంది.
పైగా స్క్రూ జానెడున్నర పొడవు;
అది వెతుక్కునే కొయ్య మూడు వేళ్ల వెడల్పు,
దాన్నేమో మేమే కప్పేశాం.

గోడలకి చెవులుంటాయంటారు.
ఆ వారం ఆ గోడకున్న చెవి నాదే.
వంటింట్లో నిలబడి వింటాను:
కొయ్య దొరికితే డ్రిల్లు గొంతు బొంగురుపోతుంది,
నేను రెండుసార్లు తడతాను.
దొరక్కపోతే

మూడో బద్ద, పదకొండోది.
గొంతు మారలేదు.
కేలండరుకీ గడియారానికీ మధ్య
వాల్‌పేపరు ఉబ్బి, చిట్లి,
ఇనప ముక్కొకటి లోపలికి తొంగి చూసింది.
కాస్త సున్నం హిల్పా గారి గంజిలో రాలింది.

"తలుపు తట్టి రావచ్చుగా," అందావిడ స్క్రూతో.

నలభై ఏళ్లు పోస్టు బస్సు నడిపిన మనిషి.
తీసేసి పూడుస్తామంటే ఒప్పుకోలేదు.
"ఇన్నాళ్లూ చలి ఎంతో ఈ గోడే చెప్పేది,
రాత్రిళ్లు మేకులు టప్‌మనేవి.
మీరు దాని నోరు నొక్కేశారు.
ఇదొక్కటీ ఉండనీండి."

రౌహా మొహం మాడింది.
నాలుగువందల పన్నెండు స్క్రూలు,
ఒక్కటి తప్పింది,
అదే గోడకి నట్టనడుమ.
మారు మాట్లాడకుండా ఆకురాయి తెచ్చి
ముసలి వేళ్లకి గుచ్చుకోకుండా
మొన అరగదీసింది.

జనవరిలో కిటికీ చట్రానికి రంగు వెయ్యడానికి వెళ్లాను.
బయట కలప లారీ వెళ్లింది;
కప్పులో కాఫీ వణికింది గానీ చప్పుడు లేదు.
కిటికీ గట్టు ఇప్పుడెంత లోతంటే
పిల్లి అడ్డంగా పడుకుని, ఇంకా ఒక జెరేనియం కుండీ.

స్క్రూ కొనకి తెల్లటి నూగు.
హిల్పా గారు చూపుడువేలు ఆనించి
కళ్లు మూసుకుంది.
"ఇరవై ఎనిమిది."
వరండాలో థర్మామీటరు సున్నాకి దిగువన ఇరవై ఏడు.
"అది పాతదైపోయింది," అంది.

ఆవిడ అటు తిరిగాక
నేనూ వేలు పెట్టి చూశాను.
ఇనుము చల్లగా ఉంది.
అంతకు మించి నాకేమీ తెలియలేదు.