ఇప్పుడే కింద పెట్టినట్టు

జగదాంబ దగ్గర చీరల షాపాయనకి
నీడంటే పడదు.
"నీడ పడితే రంగు మారిపోద్ది మేడమ్,
కస్టమరు తిరిగి తెచ్చేస్తాడు."
నిజమే.
రెండు సాఫ్ట్‌బాక్సులు, ఒక తెల్ల థర్మోకోల్ అట్ట,
సాయంత్రానికి నూట నలభై చీరలు.
ఆ డబ్బులో స్కూలు ఫీజు పోగా, లెన్సు వాయిదా పోగా
మిగిలేది ఆదివారం.

ఆదివారం నాకు ఫిషింగ్ హార్బరు.
తెల్లారి నాలుగున్నర. ఐసు ఫ్యాక్టరీ లైట్లే వెలుగు.
అక్కడ నీడకి ఎవరూ వంక పెట్టరు.
ఆ బొమ్మలు ఒకసారి ఎగ్జిబిషన్‌కి పట్టుకెళ్తే
కళ్లజోడు నుదుటిమీదికి తోసుకుని ఒకాయన
"బావున్నాయమ్మా, కానీ కేలండరు వాసనొస్తోంది" అన్నాడు.
షాపాయనేమో
"ఇదేటి మేడమ్, అవార్డు ఫొటోలాగుంది, సరుకేది?"

పదకొండేళ్లు
రెండిళ్లకీ చుట్టాన్నే,
ఏ ఇంట్లోనూ నాకంటూ కంచం లేదు.

మొన్న గాలివానకి కరెంటు పోయి పోయి వచ్చి
హార్డ్‌డిస్కులో ఫోల్డర్ల పేర్లన్నీ చెరిగిపోయాయి.
తొమ్మిది వేల ఫొటోలు ఒకే గుట్ట.
కంచరపాలెం కుర్రాడు పైడిరాజు, రీటచింగ్ చేస్తాడు,
రెండు రోజులు కూర్చుని వేరుచేశాడు.
మూడో రోజు టీ గ్లాసు పట్టుకుని వచ్చి
"ఏది ఎవులికి తీసిందో నాకు తెల్డం లేదండి.
అందరూ ఇప్పుడే ఏదో కింద పెట్టినట్టుంటారేటి?"

చూశాను.

గంప దించిన నూకాలమ్మ,
చుట్టకుదురు ఇంకా నెత్తిమీదే,
మెడ ఇంకా బరువుని నమ్ముతూనే ఉంది.
ఉక్కు ఫ్యాక్టరీ సేఫ్టీ కేలండర్లో మార్చి నెల,
హెల్మెట్ తీసిన క్రేన్ ఆపరేటరు నుదుట ఎర్రటి గీత.
గాజువాక పెళ్లిలో దండ వేసేశాక
ఎక్కడికి పోవాలో తెలియని రెండు చేతులు.
మధురవాడ ఫ్లాట్ల బ్రోచర్లో మనిషే లేడు,
గోడకి నిచ్చెన ఆనిన రెండు మచ్చలున్నాయి.
బిల్డరు చెరిపెయ్యమంటే చెరిపి పంపి
చెరపనిది దాచుకున్నానప్పట్లో, ఎందుకో తెలీకుండా.
ఆఖరికి ఆవకాయ సీసా కూడా!
మూత పక్కన, అంచున నూనె వేలిముద్ర.

ఎక్కణ్ణుంచి వచ్చిందిది?
వెతికితే ఏ కథా దొరకలేదు.
చిన్నప్పటిదని ఒకటి అల్లొచ్చు.
అల్లను.

తెలిసిన మర్నాడే పాడుచేశాను.
హ్యాండ్‌బ్యాగుల షూటింగు. మోడల్ పిల్ల హరిణాక్షితో
"బ్యాగు ఇప్పుడే కింద పెట్టినట్టుండమ్మా" అన్నాను.
పాపం, పద్దెనిమిదిసార్లు పెట్టింది.
పద్దెనిమిదిసార్లూ పెట్టినట్టు నటించింది.
నా సంతకం నేనే ఫోర్జరీ చేసినట్టుంది.

భోజనాలన్నారు. లైట్లు ఆర్పుతున్నారు.
ఆ పిల్ల హీల్స్ విప్పి చేత్తో పట్టుకుని
కిటికీ దగ్గరికి నడిచింది.
బయట డాల్ఫిన్స్ నోస్ కొండ, దానిముందు ఒక ఓడ.
సరుకంతా దించేసిందేమో
ఎర్రటి పొట్ట బయటపడి
నీళ్లమీద ఎత్తుగా తేలుతోంది.

"తియ్యట్లేదేం మేడమ్?"
క్లయింటు వాచీ చూసుకుంటున్నాడు.

చెప్పులింకా ఆ పిల్ల చేతిలోనే ఉన్నాయి.

ఉండండి, అన్నాను.