జీడి మరక

పింఛను మిషను మీద మామ్మ బొటనవేలు ఆనిస్తే
నెలనెలా ఎర్రదీపమే వెలిగేది.
"గట్టిగా నొక్కు మామ్మా" అనేవాడు కుర్రాడు.
"ఎంతని నొక్కమంతావు నాయినా,
గీతలుంటే కదా పడ్డానికి."
కన్ను చూపించమంటే కంట్లో పొర.
"మరి నాను నానేనని ఎవుల్ని అడగాల?"
వరసలో ఉన్న ముసలమ్మలంతా ఒకటే నవ్వు.

ఆ గీతలు ఏమయ్యాయో కాశీబుగ్గకి తెలుసు.
ముప్ఫై ఎనిమిదేళ్లు
జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టిన చేతులవి.
పొద్దున్నే బూడిద పూసుకుని కూర్చున్నా
చమురు ఎక్కడో ఓ చోట కరిచేది.
లేచిన పొర కింద కొత్త తోలు వచ్చేలోగా
మళ్లీ తెల్లారేది.

అందుకే మాకు గరిటెతోనే అన్నం పెట్టేది.
చేత్తో ముద్ద కలిపి పెట్టిన గుర్తు ఒక్కటీ లేదు.
మేమేమో
అది పెద్దింటి మర్యాదనుకుని
వీధిలో గొప్పలు పోయేవాళ్లం.

కొట్టినవన్నీ గుళ్లే. గేటు దగ్గర మాత్రం
చీర కుచ్చిళ్లు దులిపించి పంపేవారు.
చిన్నాన్నకి అమ్మవారు పోసినప్పుడు, ఒక్కసారి,
కొప్పులో దాచి తెచ్చిందట ఒక బద్ద.
గుడ్డు కూడా కాదు, బద్ద.
వాడు తినకుండా తలగడ కింద పెట్టుకున్నాడు.
చీమలు తినేశాయి.
చీమల్ని మామ్మ తిట్టిన తిట్లు
మా ఇంట్లో ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

తిత్లీ తుఫాను రాత్రి
రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే
మా అందర్నీ మంచం కిందికి తోసి
తను మంచం మీద కూర్చుంది, బరువుకి.
ఎంతుంటుంది బరువు? ముప్ఫై ఐదు కేజీలు.
తెల్లారి చూస్తే
అరెకరం తోట వేళ్లు పైకెత్తి పడుకుంది.
"పోన్లే, మూడేళ్లు కట్టెలు కొనక్కర్నేదు" అంది.
మధ్యాహ్నం ఎవరూ చూడట్లేదనుకుని
పడిపోయిన ఓ మాను పక్కన
పిల్లాణ్ణి జో కొడుతున్నట్టు కూర్చుంది.
నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు.

పైల దాలమ్మ పోయిన మరుసటి నెల ఒకటో తారీఖు
కుర్రాడు మిషను పట్టుకుని
అలవాటుగా మా గుమ్మంలోకి వచ్చి
నాలుక కరుచుకుని, మంచినీళ్లడిగి తాగి వెళ్లాడు.

ఈ ఏడు ఇంటికి రంగులేయిస్తున్నాం.
వంటింటి ద్వారబంధం మీద
పని నుంచి వచ్చి పట్టుకుని నిలబడే చోట
నల్లటి మరక.
రెండు కోటింగులేసినా పైకి తేలింది.
"జీడి చమురు బాబూ, చెక్కేస్తే గానీ పోదు" అన్నాడు పెయింటరు.
నాన్న ఏమీ అనలేదు.
డబ్బా మూత పెట్టి పక్కకి జరిపాడు.

అందరూ వెళ్లాక అక్కడ చెయ్యి పెట్టబోయాను.
వంగాల్సి వచ్చింది.
ఇంత పొట్టిదా మామ్మ?